గ్రాండ్ జాట్ పచ్చిక: పాయింటిలిజంపై ఒక పునఃపరిశీలన

పాయింటిలిజం గురించి తరచు వినిపించే వివరణ ఒకటుంది: చిత్రకారుడు పసుపు, నీలం చుక్కలను పక్కపక్కన పెడతాడు, దూరం నుంచి చూసే కంటికి అవి ఆకుపచ్చగా కనిపిస్తాయి. ఇది ఆకర్షణీయమే గాని సరైనది కాదు. పలకపై కలిపిన రంగుల సూత్రాన్ని ఇది కంటికి అంటగడుతోంది. పక్కపక్క చుక్కల నుంచి వచ్చే కాంతి కంటిలో సగటు అవుతుంది. పసుపు, నీలం అలా కలిస్తే మిగిలేది దాదాపు బూడిద రంగు. ఈ భేదాన్ని ఓగ్డెన్ రూడ్ 1879 నాటి గ్రంథంలోనే వివరించాడు. జార్జ్ స్యూరా దాన్ని ఎరిగినవాడు.

కనుక 'గ్రాండ్ జాట్ ద్వీపంలో ఆదివారం మధ్యాహ్నం' చిత్రంలోని పచ్చిక ఆకుపచ్చగా ఉండటానికి కారణం ప్రధానంగా ఆకుపచ్చ రంగే. స్యూరా 1884లో ద్వీపానికి వెళ్లి చిన్న చెక్కపలకల మీద తైలవర్ణాలతో అధ్యయనాలు చేసుకొన్నాడు. సుమారు రెండు మీటర్ల ఎత్తు, మూడు మీటర్ల వెడల్పు గల కాన్వాసును మాత్రం చిత్రశాలలో, మొదట మామూలు కుంచె గీతలతోనే నింపాడు. చుక్కలు 1885–86లో దానిపై చేరిన పొర. ఎండ పడిన చోట పసుపు, నారింజ, నీడలో నీలం. అవి పూర్తిగా కలిసిపోవు. కలిసీ కలవని ఆ స్థితిలోనే, పొరుగు రంగు ప్రభావంతో, పచ్చిక అదురుతున్నట్టు తోస్తుంది. దీనికి మూలం షెవ్రుల్ 1839లో ప్రకటించిన వర్ణవైరుధ్య నియమం. గోబెలిన్ నేతశాలలో నల్లదారం వన్నె తగ్గిందన్న ఫిర్యాదుకు కారణం అద్దకంలో కాక పక్కదారాల్లో ఉందని ఆయన కనిపెట్టాడు. (నేతగాళ్లకు ఇది కొత్త సంగతి కాకపోవచ్చు.)

అయితే ఈ సిద్ధాంతం లెక్కలోకి తీసుకోనిది రంగు పదార్థం. ఎండ కోసం స్యూరా వాడిన జింక్ యెల్లో కొద్ది సంవత్సరాల్లోనే మట్టి రంగుకు తిరిగింది. దానితో కలిపిన నారింజ, లేతాకుపచ్చలు కూడా మసకబారాయి. చిత్రం కాంతి కోల్పోయిందని ఫెలిక్స్ ఫెనియాన్ 1892లోనే రాశాడు. షికాగోలో నేడు మనం చూసే ఎండ 1886 నాటి ప్రదర్శనలోని ఎండ కాదు. చిత్రంలో జీవం లేదనే విమర్శ తన తీర్పులో కొంత భాగాన్ని రసాయన చర్యకు అప్పగించవలసి ఉంటుంది.

పిసారోకు ఎదురైన చిక్కు వేరు. 1886 ప్రాంతంలో ఈ పద్ధతిని స్వీకరించి, దాదాపు 1890 నాటికి వదిలేశాడు. తైలవర్ణం నెమ్మదిగా ఆరుతుంది. తడి చుక్క మీద మరో చుక్క పడితే రెండూ కలిసి మురికి అవుతాయి. ఆరేదాకా ఆగితే పొలం మీద వెలుగు మారిపోతుంది. తన అనుభూతిని ఈ పద్ధతి అనుసరించలేకపోయిందని ఆయనే తరువాత చెప్పుకొన్నాడు. అయినా ఎరాన్యీలో ఆపిల్ కోతను చిత్రించిన 1888 నాటి కాన్వాసులో చెట్టు కింద పరచుకొన్న నీడ నల్లగా లేదు. అదీ ఒక రకం వెలుగుగానే నిలిచింది.