కొంగుముడికి గొంతొస్తే

కాశీబుగ్గ బజారులో నేను చేపలు కొనే మనిషి ఉద్దానం తీరపు ఊరి నుంచి తట్టతో వస్తుంది. ఆ మధ్య తట్ట పక్కన ఓ చిన్న పెట్టె కొత్తగా కనబడింది. ఫోనులోంచి 240 రూపాయలు పంపగానే ఆ సంగతి బజారంతటికీ చాటింది. ఏ కంపెనీదన్నది ఇక్కడ అనవసరం.

“బాగుందప్పా, ఇంక మెసేజీ ఎవరిచేతా చదివించుకోనక్కర్లేదు” అన్నాను.

“బాగుంది టీచరమ్మా. దొంగ ఫోటో సూపించి ఎల్లిపోయినోల్ల బాద నేదు. గానీ ఇది నాకొక్కదానికే సెప్పదు గదా! మా ఇంటాయన టీ కొట్టుకాడ కూకొని లెక్కెడతన్నాడు, సాయంత్రానికి సెయ్యి సాపుతాడు. డబ్బులు పడ్డది కొడుకు కాతాలోన. నాకు మిగిలిందేటి, ఈ గోలే.”

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు.

మన అమ్మలకు కొంగుముడీ పోపులడబ్బా ఉండేవి. భర్తకు తెలియకుండా దాచుకోవడాన్ని మన కథలూ సినిమాలూ చాలాకాలం హాస్యంగానే చూపించాయి. సొంత ఖాతా లేని మనిషి తనకు తాను కట్టుకున్న బ్యాంకు అదని ఎవరూ అనుకోలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగాయి. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు. మా వీధిలో పాలూ కొవ్వొత్తులూ కొన్నది ఆడవాళ్లు దాచిన నోట్లతోనే.

ఇప్పుడా పెట్టె వెనక సాగుతున్న పోటీ సంగతి. మాట్లాడే పెట్టెను మన బజార్లకు ముందుగా అలవాటు చేసింది పేటీఎం. 2024 జనవరి 31న పేటీఎం పేమెంట్స్ బ్యాంకు మీద రిజర్వు బ్యాంకు ఆంక్షలు పెట్టింది. ఆ ఫిబ్రవరిలోనే గూగుల్ పే తన సౌండ్‌పాడ్‌ను దేశమంతా తెస్తున్నానని ప్రకటించింది. దాదాపు అదే సమయంలో, వాల్‌మార్ట్ చేతిలో ఉన్న ఫోన్‌పే తన పెట్టెకు తెలుగులో మహేశ్‌బాబు గొంతు పెట్టింది. హిందీకి అప్పటికే అమితాబ్ బచ్చన్ ఉన్నాడు. మలయాళానికి మమ్ముట్టి, కన్నడానికి సుదీప్.

సాహిత్య విమర్శ రాసే నాకు ఇదొక పాఠంలాగే కనిపిస్తోంది. భాషలు నాలుగు, గొంతులు నాలుగూ హీరోలవే. కొట్టుమీద కూర్చునేవాడు మగవాడు, హీరో తన తరఫున మాట్లాడితే పొంగిపోతాడు అన్న ఊహ ఇందులో ఉంది. చేపల తట్టా, పువ్వుల బుట్టా, జీడిపప్పు పొట్లాలు కట్టి అమ్మే అరుగూ ఈ ఊహలోకి రాలేదు. (ఆ గొంతంటే ప్రాణమిచ్చే ఆడవాళ్లు లేరనను. మా చెల్లెలే ఉంది.)

యూపీఐ చెల్లింపుల మీద వ్యాపారుల దగ్గర రుసుము తీసుకోకూడదన్న నియమం 2020 జనవరి నుంచి ఉంది. మరి ఉచిత సేవ కోసం ఇంత కొట్లాట దేనికి? పెట్టె అద్దె ఒకటి. అంతకంటే పెద్దది అప్పు. రోజుకు ఎంత బేరం జరుగుతోందో తెలిసినవాడికి ఎవరికి ఎంత అప్పు ఇప్పించవచ్చో తెలుస్తుంది. కారా మాస్టారి ‘యజ్ఞం’లో ఒక అప్పు సంగతి తేల్చడానికి ఊరు ఊరంతా పంచాయతీకి కూర్చోవలసి వచ్చింది. ఇక్కడ అడగకముందే లెక్క సిద్ధంగా ఉంటుంది. అయితే ఆ లెక్క ఎవరి పేర ఉంది? తెల్లారకుండా రేవుకు వెళ్లి, తట్ట మోసి, ఎండలో అమ్మేది ఆమె. పరపతి మాత్రం కొడుకుది. రేపు ఆమె అప్పు కావాలంటే, కంపెనీల దృష్టిలో ఆమె ఏనాడూ ఏమీ అమ్మని మనిషి.

ఏ యాప్ వాటా అయినా 30 శాతం దాటకూడదని ఎన్‌పీసీఐ 2020 నవంబరులో చెప్పింది. ఆ గడువును జరుపుతూ జరుపుతూ 2026 డిసెంబరు దాకా తెచ్చింది. ఫోన్‌పే, గూగుల్ పే రెండూ కలిసి 80 శాతం పైగా పంచుకోవడం గురించి వాణిజ్య పత్రికలు విస్తారంగా రాశాయి. రాయవలసిందే. ఆ వ్యాసాల్లో ‘వినియోగదారు’ అనే మాట ఎన్నిసార్లు వస్తుందో! ఆ మాటకు భర్త ఉండడు, టీ కొట్టు ఉండదు, ఫోను ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్నే ఉండదు.

నిన్న నా బేరం 300 అయింది. “సగం దాన్లో ఎయ్యమ్మా, సగం సేతికియ్యి” అంది. పెట్టె 150 అని చాటింది. ఆమె టీ కొట్టు వైపు ఓసారి చూసి, తతిమ్మా నోట్లు మడిచి కొంగున కట్టుకుంది.