వేసవిలో గీజర్ చేసే పని

మే నెల వచ్చిందంటే మస్కట్‌లో మా తెలుగిళ్లలో గీజర్ స్విచ్ ఆగిపోతుంది. అప్పట్నుంచి చన్నీళ్ల కుళాయిలో కాగినట్టున్న నీళ్లు, వేడినీళ్ల కుళాయిలో చల్లటి నీళ్లు. రువీలో కాపురం పెట్టిన కొత్తలో పక్కింటి అక్క నేర్పిన ఉపాయమిది. ఇది ఎందుకు పనిచేస్తుందో తెలిస్తేనే, ఎక్కడ ఆగిపోతుందో కూడా తెలుస్తుంది.

చన్నీళ్ల కుళాయికి నీళ్లు డాబా మీద ఎండలో కాలే ట్యాంకు నుంచి నేరుగా దిగుతాయి. గీజర్ ఇంటి లోపల నీడపట్టున ఉంటుంది కాబట్టి అందులో నిలిచిన నీళ్లు నిదానంగా చల్లబడతాయి. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. అసలు సంగతి బడిలో చదువుకున్న ఉష్ణ సంవహనం.

వేడెక్కిన నీరు తేలికవుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీరు 998 గ్రాములు తూగితే, 60 డిగ్రీల దగ్గర 983 గ్రాములే. ఈ 15 గ్రాముల తేడాయే నీటిని నడిపిస్తుంది. అడుగున వేడి తగిలితే ఎసట్లో బియ్యంలా నీరంతా పైకీ కిందికీ తిరుగుతుంది. పైన తగిలితే వేడినీరు పైపొరగా నిలిచిపోతుంది.

నిలువు గీజర్‌లో నీళ్లు అడుగున చేరి, పైభాగం నుంచి బయటికొస్తాయి. చలికాలంలో లోపలికొచ్చిన చన్నీరు బరువు కనుక కిందే ఉండి, వేడినీటిని పైకి నెడుతుంది. వేసవిలో ఇది తిరగబడుతుంది. అడుగున చేరిన వేడినీరు చల్లటి నీటిలో కలుస్తూ పైకి, కుళాయికి పోయే గొట్టం వైపే లేస్తుంది. అందుకే 50 లీటర్ల గీజర్ 50 లీటర్ల చన్నీళ్లు ఇవ్వదు. మొదట స్నానం చేసినవాళ్లకు దక్కిన చల్లదనం తర్వాతివాళ్లకు మిగలదు.

రాత్రిపూట ట్యాంకుకు సంవహనమే మేలు చేస్తుంది. పైన చల్లబడిన నీరు దిగి, అడుగు నీరు పైకొచ్చి, తెల్లవారేసరికి ట్యాంకంతా కాస్త చల్లబడుతుంది. అయితే దానికి గాలి చల్లబడాలి. 2018 జూన్ 26న ఒమన్‌లోని ఖురయ్యాత్‌లో నమోదైన కనిష్ఠ ఉష్ణోగ్రతే 42.6 డిగ్రీలు. అలాంటి రాత్రి ట్యాంకు చల్లబడేదెలా?

కాబట్టి గీజర్ ఒక్కదాన్నే నమ్ముకోకండి. తెల్లవారుజామునే బకెట్లు నింపి ఇంట్లో పెట్టుకోండి. పగటిపూట పసిపిల్లలకు నీళ్లు పోసే ముందు ఏ కుళాయి నీళ్లయినా చెయ్యి పెట్టి చూడండి.