కాగితంతో కట్టే యుద్ధనౌక

ప్లాస్టిక్ కిట్టు కొంటే ఓడ సగం తయారై వస్తుంది. ఒంపులన్నీ కంపెనీవాళ్ళు అచ్చులో పోసేసి ఉంటారు, మనం అతికిస్తే చాలు. కాగితం ఆ సౌకర్యం ఇవ్వదు. షీట్ల మీద అచ్చయిన వందల ముక్కల్ని కత్తిరించి, వంచి, అడుగు నుంచి ఓడను మనమే కట్టుకురావాలి. అందుకే నౌకానిర్మాణానికి ప్లాస్టిక్ కంటే కాగితమే దగ్గర.

ఈ అభిరుచికి పోలండ్ పెద్ద బడి. అక్కడ 1957లో మొదలైన ‘మావీ మొదెలాష్’ పత్రిక, సంచికతో పాటే కత్తిరించుకునే నమూనాలు అందించి తరాల పిల్లల చేత ఓడలూ విమానాలూ చేయించింది. ఓడలకు 1:200 కొలత బాగా వాడుకలో ఉంది. ఆ లెక్కన 262 మీటర్ల కొత్త విమానవాహక నౌక విక్రాంత్ 131 సెంటీమీటర్లవుతుంది. కొత్తగా మొదలుపెట్టేవారికి విశాఖ బీచ్‌లోని కుర్సురా జలాంతర్గామి మేలు. 1969లో నౌకాదళంలో చేరి, 2002లో మ్యూజియంగా మారిన ఈ 91 మీటర్ల నౌక 46 సెంటీమీటర్లలోపే ఇమిడిపోతుంది. పైగా అసలుదాని చుట్టూ తిరిగి చూసి రావచ్చు.

ముందు అస్థిపంజరం. పుస్తకాల బైండింగుకు వాడే మిల్లీమీటరు మందం అట్టతో పొడవునా ఒక వెన్ను, దానికి అడ్డంగా పక్కటెముకలు కోసి, గాడుల్లో ఒకదానిలో ఒకటి దించుతారు. ఇది కాస్త మెలి తిరిగినా పైన ఏదీ సరిగ్గా కూర్చోదు. కాబట్టి ఆరేదాకా అద్దం పలక మీద పెట్టి బరువు ఉంచాలి. వానాకాలపు తేమకు అట్ట ఉబ్బుతుంది. ఫెవికాల్ పలచగా రాయాలి, ముక్కల్ని గట్టి మూత ఉన్న డబ్బాలో దాచాలి.

తర్వాత తొడుగు. అసలు చిక్కు ఇక్కడే. కాగితం ఒక దిక్కుకే వంగుతుంది. గొట్టం చుట్టొచ్చు, శంకువు చుట్టొచ్చు, బంతి మాత్రం చుట్టలేం. రెండు దిక్కులా ఒంపు తిరిగే ఓడ ముక్కును బత్తాయి తొక్కలా సన్నని చీలికలుగా కోసి అంచుకు అంచు కలపాలి. షిప్‌యార్డులో ఉక్కు రేకుకూ ఇదే పేచీ. ఒకవైపు వంపు సులువే. రెండువైపులా తిప్పాలంటే వేడిచేసి, నీళ్ళు చల్లి, కొంచెం కొంచెంగా దారికి తేవాలి.

మిగిలినదంతా ఓపిక పని. మడత గీతను సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో నొక్కి గీస్తే కాగితం చిట్లకుండా వంగుతుంది. కోసిన అంచుల్లో బయటపడే తెలుపును అదే రంగు పూసి కప్పాలి. ఫిరంగి గొట్టాలకు కాగితాన్ని సూది మీద చుడతారు. రెయిలింగులకు జిగురు పట్టించి బిగదీసిన దారం సరిపోతుంది. ఇంక్‌జెట్ ప్రింటుకు తడి తగిలితే రంగు పాకుతుంది కాబట్టి ముందే వార్నిష్ కొట్టుకోవాలి.

చదునైన పటం చూసి గుండ్రటి వస్తువును ఊహించడం ఇంజనీరింగ్ డ్రాయింగ్ తరగతిలో చాలామందికి కొరకరాని కొయ్య. ఒక ఓడ కట్టిన పిల్లలకు ఆ ఊహ చేతికి అలవాటై ఉంటుంది. అది నేర్చుకునే ఖర్చూ తక్కువే. ముక్క పాడైతే పోయేది ఒక షీటు. మరో ప్రింటు తీసి మళ్ళీ కోసుకోవచ్చు కనుక, కష్టమైన ముక్కు భాగాన్నీ జంకు లేకుండా మొదలుపెట్టొచ్చు.