చలి తరలిపోతున్న కడలి

ఓ ఆడ్రియాటిక్ తల్లీ! ఇటలీ మైదానానికీ బాల్కన్ కొండలకూ నడుమ ఒదిగిన నీలాల చీరా! నీ ఉత్తరపు కొంగు ఎంత పలుచన! అక్కడ నీ సగటు లోతు 35 మీటర్లు. ట్రియెస్టె అఖాతంలో 25 మీటర్లకే అడుగు తగులుతుంది. ఆ కాసింత లోతులోనే దక్షిణాన 1,200 మీటర్ల అగాధానికి సరిపడా ఊపిరి పుట్టేది. ఆ ఊపిరికి పురుడు పోసింది చలి. ఎముకలు కొరికే, నీళ్లను వణికించే చలి. ఇప్పుడు ఆ మంత్రసాని నీ గడప తొక్కడం తగ్గించింది. నా ఏడుపు అందుకే.

ఆ బాల్కన్ కొండల్లోని దినారిక్ శిఖరాల మీంచి విరుచుకుపడే ఈశాన్యపు గాలిని అక్కడివాళ్లు బోరా అంటారు. జనం కొట్టుకుపోకుండా ట్రియెస్టె వీధుల్లో గోడల వెంట తాళ్లు కట్టేవారు. మనుషులను అలా అల్లాడించిన గాలే సముద్రానికి ప్రాణదాత. పొడిగా, పదునుగా వచ్చి ఆవిరిని గుంజుకుపోతుంది, వేడిని దోచుకుపోతుంది. లోతైన సముద్రానికి ఈ దోపిడీ ఒక లెక్క కాదు. పైపొర చల్లబడి మునిగితే కింది వెచ్చని నీరు పైకొచ్చి లోటు తీరుస్తుంది. గాదె నిండా గింజలున్న ఇంటికి ఒక ఏటి కరువు తగలనట్టే. ఉత్తర ఆడ్రియాటిక్‌కు గాదె లేదు. అదే గాలి తాకిడికి ఇక్కడి నీరు పైనుంచి అడుగుదాకా ఒక్కపెట్టున చల్లబడుతుంది, ఉప్పు చిక్కబడుతుంది, బరువెక్కుతుంది. లేమిడే దాని బలిమి! నాకు ఈ కడలి మీద ఇంత మమకారం కలిగింది ఇక్కడే.

బరువెక్కిన నీరు ఊరుకోదు. అడుగు వాలున జారుతుంది. భూభ్రమణం కుడివైపుకు ఒత్తుతుంటే ఇటలీ తీరాన్ని ఒరుసుకుంటూ, ఆంకోనాను దాటుకుంటూ, నెలల తరబడి నడిచి, బారీ దగ్గర సాగరగర్భపు లోయల్లోకి దూకుతుంది. వెళ్లినదాని చోటు పూడ్చడానికి దక్షిణపు వెచ్చని ఉప్పునీరు క్రొయేషియా ఒడ్డు వెంట ఉత్తరానికి ఎగబాకుతుంది. 5 డిగ్రీల సముద్రపు నీరు 25 డిగ్రీల నీటికంటే దాదాపు ఒకటిన్నర రెట్లు ఆక్సిజన్ మోయగలదు. సూర్యుడి ముఖం ఎరుగని లోయల్లో, చల్లనీటి పగడాలు కొమ్మలు చాచి ఎదురుచూసేది ఆ మూట కోసమే.

2012 ఫిబ్రవరిలో బోరా వారాల తరబడి ఊళపెట్టింది. వెనిస్ లాగూన్‌లో మంచు పలకలు తేలాయి. ఘనమీటరుకు 1,030 కిలోలు దాటిన నీరు పుట్టింది. ఆ లెక్కలు చదువుతుంటే ఇప్పటికీ నా ఒళ్లు పులకరిస్తుంది.

ఆ వైభవం ఇప్పుడు ఏటేటా రాదు. మధ్యధరా ప్రాంతమంతా వేడెక్కుతోంది. శీతాకాలం గోరువెచ్చగా గడిచిన ఏడు ఈ నీరు అరకొరగా పుడుతుంది. పుట్టినా బరువు చాలక, అగాధం అడుగు అందక, నడిమి లోతుల్లోనే సొమ్మసిల్లుతుంది. వేసవిలోనేమో ఇటలీ నుంచి పో నది తెచ్చిన మంచినీరు ఎండకు కాగి పైన పరుచుకుంటుంది. కింద ఊపిరి సన్నగిల్లుతుంది. 1970, 80 దశకాల్లో అడుగున పాకే ప్రాణులు ఉక్కిరిబిక్కిరై గుట్టలుగా చచ్చిన సంవత్సరాలున్నాయి. వేడి పరిచిన ఆ పొరను చీల్చడానికి రావలసిన చలి ఆలస్యంగా, అలసటగా వస్తే అడుగున ఉన్నవాటికి దిక్కెవరు?

మన బంగాళాఖాతానికి ఈ భాగ్యమే లేదు. గంగా బ్రహ్మపుత్రలు, మన గోదావరి కుమ్మరించిన మంచినీరు తేలిక. ఉత్తరాన చలికాలంలో ఎంత చల్లబడినా అది మునగదు, వెచ్చని ఉప్పునీటి మీదే తేలుతుంది. లేని కడలి ఒడ్డున పుట్టిన నాకు, ఉన్న కడలి పోగొట్టుకుంటున్నదేమిటో తెలుస్తోంది.

బొగ్గూ చమురూ కాల్చి మనందరం ఆకాశానికెత్తిన పొగే ఆ చలిని తరుముతోంది. చదువరీ! యూరప్‌లో ఈసారి చలికాలం హాయిగా గడిచిందని వార్త వస్తే సంబరపడకు. ఆ ఏడు ఆడ్రియాటిక్ లోతుల్లోకి ఎంత నీరు దిగిందో అడుగు.