పద్యం పాత్రది, గాత్రానిది కాదు

తెలుగు నాటకం ఎక్కడ మొదలైందని అడిగితే రాజమండ్రి పేరు చెప్పేవాళ్లున్నారు, విజయనగరం పేరు చెప్పేవాళ్లున్నారు. కమలాపురం, ఎర్రగుంట్ల, ముద్దనూరు తట్టు ముఖానికి రంగేసుకున్న పాత తరం వాళ్లు మాత్రం బళ్ళారి అంటారు. నేనూ ఆ పక్షమే. కందుకూరి వీరేశలింగం 1880లో రాజమండ్రిలో పిల్లల చేత నాటకం ఆడించాడు, కాదనను. కానీ పద్యమూ పాటా వచనమూ కలిసి, అంకాలూ రంగాలుగా విడి, రాత్రంతా జనాన్ని కదలనివ్వకుండా కూర్చోబెట్టే తెలుగు నాటకానికి ఒడ్డూ పొడుగూ ఇచ్చినవాడు మా సీమ మనిషి, ధర్మవరం రామకృష్ణమాచార్యులు. ‘ఆంధ్ర నాటక పితామహుడు’ అన్న బిరుదు ఆయనకు ఊరికే రాలేదు.

1853లో ధర్మవరంలో పుట్టాడు. బళ్ళారిలో ప్లీడరు పని. ఆ రోజుల్లో బళ్ళారి మద్రాసు రాజధానిలోని దండు ఊరు. వీధిలో తెలుగూ కన్నడమూ మరాఠీ ఉర్దూ అన్నీ వినిపించేవి. ధార్వాడ నాటకాల వాళ్లు, పార్శీ కంపెనీల వాళ్లు వచ్చి డేరాలు వేసేవాళ్లు. వాటిని చూసిన ప్లీడరుగారికి మన భాషలో ఇది ఎందుకు లేదన్న పట్టుదల పుట్టిందంటారు. మొదట కన్నడంలో ‘స్వప్నానిరుద్ధం’ రాశాడు. తర్వాత తెలుగుకు తిరిగి ‘చిత్రనళీయం’ రాస్తే 1887లో అది రంగమెక్కింది. అక్కడి నుంచి 1912లో కన్నుమూసేదాకా కలం ఆగలేదు. ‘పాదుకా పట్టాభిషేకం’, ‘భక్త ప్రహ్లాద’, ‘మోహినీ రుక్మాంగద’, ‘బృహన్నల’, ‘ప్రమీలార్జునీయం’ ఇలా ముప్పైకి అటూ ఇటూ నాటకాలు. రాయడంతో సరిపెట్టుకున్నాడా? సరసవినోదినీ సభ పెట్టాడు, వరసలు కట్టాడు, నటులకు నేర్పాడు, తానే వేషం కట్టాడు. నలుడి కథలో బాహుకుడు, పాదుకా పట్టాభిషేకంలో దశరథుడు ఆయన వేషాలే.

ఆయన ఘనతకు సాక్ష్యం కావాలంటే తెలుగువాళ్లను అడగక్కరలేదు, తమిళులను అడగండి. 1891లో సరసవినోదినీ సభ మద్రాసు వెళ్లి విక్టోరియా పబ్లిక్ హాలులో నాటకాలాడింది. బళ్ళారి నుంచి మద్రాసుకు రైలంటే తాడిపత్రి, కమలాపురం, కడప మీదుగానే, అంటే దారి మాదే. ఆ హాలులో కూర్చుని చూసిన ఒక తమిళ కుర్రవాడు, చదువుకున్న గౌరవస్థులు కూడా వేషం కట్టవచ్చా అని నిర్ఘాంతపోయి, ఆ ఏడే సుగుణ విలాస సభ స్థాపించాడు. ఆయన పమ్మళ్ సంబంధ ముదలియార్. తమిళ ఆధునిక నాటకానికి తండ్రి అని తమిళులు చెప్పుకునే మనిషి. ఆ ప్రేరణ బళ్ళారి తెలుగు నాటకాల నుంచి వచ్చిందని తన జ్ఞాపకాల్లో స్వయంగా రాసుకున్నాడు. పొరుగు భాష వాళ్లు రాసుకున్న ఈ మాట మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో నాకైతే కనపడలేదు.

సరే, ఆయన కట్టిన నాటకంలో ఏముంది? మన లాక్షణికులు నాటకానికి ఆధారాలు మూడన్నారు: వస్తువు, నేత, రసం. కథ, దాన్ని నడిపే మనిషి, చూసేవాడి గుండెలో ఊరేది. మూడింటినీ ఒకేచోట చూడాలంటే ధర్మవరం వారి ‘విషాద సారంగధర’ తీసుకోవాలి. కథ మనందరిదీ. రాజరాజనరేంద్రుడి కొడుకు సారంగధరుడు. ఎగిరిపోయిన పావురం కోసం సవతి తల్లి చిత్రాంగి మేడలోకి వెళతాడు. ఆమె కోరుతుంది, ఇతడు కాదంటాడు, ఆమె రాజుతో నింద చెబుతుంది, రాజు కాళ్లూ చేతులూ నరికించమంటాడు. బీజం ఆ పావురం. ఎంత చిన్న బీజమో చూడండి! పిట్ట ఎగరడం దగ్గర మొదలై కొడుకు అవయవాలు తెగడం దాకా కథ ఒక్క మెట్టు కూడా దాటకుండా దిగుతుంది. ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శ, నిర్వహణం అని సంధులు అయిదు చెప్పారు పెద్దలు. అయిదో సంధి దగ్గరే మన ఆచార్యులు ఎవరూ చేయని పని చేశాడు. జనంలో తిరిగే కథలో సిద్ధుడు వచ్చి సారంగధరుడి కాళ్లూ చేతులూ తిరిగి మొలిపిస్తాడు. సంస్కృత సంప్రదాయమూ మంగళాంతమే కోరుతుంది. ఈయన ఆ సిద్ధుణ్ణి ఆదుకోవడానికి రానివ్వలేదు. పేరులోనే విషాదం పెట్టి, విషాదంతోనే తెర దించాడు. షేక్స్‌పియర్‌ను చదివిన ప్రభావమే అంటారు, అయి ఉండవచ్చు. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా దాన్నే లెక్కిస్తారు. ఆ కాలపు జనం ముందు మంగళం లేకుండా తెర దించాలంటే ఎంత గుండె ధైర్యం కావాలి!

ఇక నటుడి పని. ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని అభినయం నాలుగు విధాలు. ఆహార్యం గురించి ఒక ముక్క చాలు: అర్దళం, సఫేదా, కాటుక, జరీ అంచు కోటు, అట్టకు తళుకు అద్దిన కిరీటం. పెట్రోమాక్సు లైటు వెలుగులో అవే రాజసం. సాత్త్వికమంటే లోపలి నుంచి రావలసిన కన్నీరు, వణుకు, చెమట, గొంతు పట్టుకోవడం. అది నేర్పితే వచ్చేది కాదు. ఆంగికానికి ఒకటే సూత్రం: చేయి మాట కంటే ముందు కదలాలి గానీ మాట అయిపోయాక కదలకూడదు.

మన నాటకం బతికేదీ చచ్చేదీ వాచికం మీద. అందులోనూ పద్యం మీద.

పద్యాన్ని ఎందుకు పెట్టారో ఒకసారి ఆలోచించండి. పాత్ర మామూలుగా మాట్లాడుతుంటుంది. కోపమో దుఃఖమో ఉబికి వచనంలో పట్టనప్పుడు పద్యంలోకి ఎక్కుతుంది. అంటే పద్యం కూడా మాటే, ఉడుకెక్కిన మాట. ఉత్పలమాలకు పాదంలో 20 అక్షరాలు, పదో అక్షరం యతి. చంపకమాలకు 21, పదకొండో అక్షరం యతి. కానీ మన కవులు అర్థాన్ని పాదం చివర ఆపరు. మాట ఈ పాదంలో మొదలై పై పాదంలోకి సాగుతుంది, ఒక్కోసారి ఒకే పదం రెండు పాదాల మధ్య విరుగుతుంది. చేతకాని నటుడు పాదం చివర ఊపిరి తీసుకుని రాగం అందుకుంటాడు. పదం తెగుతుంది, అర్థం చస్తుంది, ముందు వరుసలో చప్పట్లు పడతాయి. తెలిసిన నటుడు అర్థం దగ్గర విరుస్తాడు. క్రియాపదం దాకా ఊపిరి బిగబట్టి తెచ్చి, అక్కడ వదిలి, ఎదుటి పాత్ర ముఖం చూస్తాడు. రాగం ఆ చూపు తర్వాత రావాలి, చిన్నదిగా, ఆ భావానికి నీడలాగా. మోహన అయినా కాంభోజి అయినా హిందోళం అయినా పద్యం మొదటి మాటలోనే దాని రంగు తెలిసిపోవాలి. సీసం మరీ కష్టం. పొడుగాటి నాలుగు పాదాలు, వాటి కింద ఎత్తుగీతి. పై నాలుగింటిలో బలమంతా ఖర్చుపెట్టినవాడికి ఆ ఎత్తుగీతి దగ్గర ఏమీ మిగలదు. అసలు దెబ్బ పడవలసిందేమో అక్కడే. హార్మోనిస్టు ఈ లెక్క తెలిసినవాడైతే నటుడి వెనక నడుస్తాడు, ముందు పరిగెత్తడు.

ఈ విద్యలో నేను చేతులెత్తి మొక్కేది ధర్మవరం వారి మేనల్లుడికే. తాడిపత్రి రాఘవాచార్యులు, లోకానికి బళ్ళారి రాఘవ. 1880లో పుట్టాడు, 1946లో పోయాడు. మేనమామ నీడలో మొదలై, అదే ఊళ్లో పోటీగా వెలిగిన కోలాచలం శ్రీనివాసరావు గారి సుమనోరమ సభలోకి వెళ్లాడు. కోలాచలం కూడా ప్లీడరే. చారిత్రక నాటకాలకు ఆయన పెద్ద దిక్కు, లోకంలోని దేశాల నాటక చరిత్రను ఇంగ్లీషులో పుస్తకంగా రాసిన పండితుడు. ఆయన ‘రామరాజు చరిత్ర’లో రాఘవ వేసిన పఠాను వేషం గురించి పాతవాళ్లు కథలు కథలుగా చెప్పుకునేవాళ్లు. రాఘవ రాగం తీయడు. పద్యాన్ని మాటలాగే అంటాడు, జనానికి మాత్రం పద్యం విన్న తృప్తి మిగులుతుంది. మేనమామ నాటకంలోకి పాటలు తెచ్చాడు. అవి పాత్రను మింగేసే దశ వచ్చినప్పుడు మేనల్లుడు కత్తిరించాడు. దీన్ని తిరుగుబాటు అనేవాళ్లతో నేను ఏకీభవించను, మేనమామ పని అతడు పూర్తి చేశాడు. షేక్స్‌పియర్ పాత్రలు ఇంగ్లీషులో వేశాడు. గాంధీజీ ఎదుట ‘దీనబంధు కబీర్’ ఆడి మెప్పించాడు. ఇంగ్లండు వెళ్లి బెర్నార్డ్ షాను కలిసి వచ్చాడు. ఆడవేషం ఆడవాళ్లే కట్టాలని పట్టుబట్టి కొమ్మూరి పద్మావతీదేవి లాంటి చదువుకున్న స్త్రీలను రంగం మీదికి తెచ్చాడు.

అన్నట్టు, ఈ ఆడవేషం సంగతిలో మా కడప జిల్లాకు ఇంకో గర్వం ఉంది. 1885లో చక్రాయపేట తట్టు సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు ‘కీచక వధ’తో మొదలుపెట్టిన సురభి కుటుంబాల్లో స్త్రీలు ఎప్పటినుంచో వేషాలు కడుతున్నారు. దానికి వేరే వ్యాసం కావాలి.

కోస్తాలో గొప్పవాళ్లు లేరని కాదు. స్థానం నరసింహారావు ఆడవేషం కడితే ఆడవాళ్లే ఆ నడక నేర్చుకున్నారంటారు. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన పీసపాటి నరసింహమూర్తి కృష్ణుడు రాయబారం చెబుతుంటే అది దౌత్యంలాగే ఉండేది, కచేరీలాగా కాదు. రాగాన్ని కొలిచి వేసి మాటను నిలబెట్టినవాడాయన. ఏ ఊరివాడైనా రాఘవ దారిలో నడిచినవాడిని నేను మావాడనే అంటాను.

కడుపు మండేది ఇప్పుడు చూస్తున్న దానికి. కాంట్రాక్టు నాటకాలు వచ్చి నేతను ముక్కలు చేశాయి. ఒకే రాత్రి, ఒకే నాటకం, ముగ్గురు కృష్ణులు! పడక సీనుకు ఒకటో కృష్ణుడు, రాయబారానికి రెండో కృష్ణుడు, తర్వాత మూడోవాడు. ఒకడు నల్లగా, ఒకడు ఎర్రగా, ఒకడు పొడుగ్గా. పాత్ర అనేదానికి ఇక అర్థమేముంది? ఒక్కొక్కడూ తన సీనులో గొంతు చూపించి, వన్స్ మోర్ కొట్టించుకుని, తెల్లవారక ముందే ఇంకో ఊరికి జీపెక్కుతాడు. సంధులు అయిదని పెద్దలు చెప్పిన నాటకంలో మనకు మిగిలింది సీన్లు: పడక సీను, రాయబారం సీను, కాటి సీను. హరిశ్చంద్రుడు సత్యం కోసం ఎందుకు అంత దూరం వెళ్లాడో తెలియని పిల్లవాడికి కాటి సీను ఒక్కటే చూపిస్తే వాడికి కనపడేది ఏడుపే. దాని మధ్యలో రికార్డింగ్ డ్యాన్సు. హార్మోనియం పోయి కీబోర్డు వచ్చింది. దానికి నటుడి ఊపిరితో పని లేదు.

‘చింతామణి’ గతి చూడండి. కాళ్ళకూరి నారాయణరావు వేశ్యాలోలత్వం సంసారాలను ఎలా కూలుస్తుందో చెప్పడానికి ఆ నాటకం రాశాడు. నవ్వు కోసమని ఆటగాళ్లు ఊరూరా అందులోని సుబ్బిశెట్టి పాత్ర నోట ఆయన రాయని బూతులు పెట్టారు. ఒక కులం వాళ్లు నొచ్చుకున్నారు, వాళ్ల బాధ న్యాయమైనదే. చివరికి 2022లో ప్రభుత్వం నాటకాన్నే నిషేధించింది. కలిపిన మాటలకు శిక్ష అసలు నాటకానికి పడింది. సొంతంగా మాటలు కలపడం చాతుర్యమని చప్పట్లు కొట్టిన మనమంతా దీనికి బాధ్యులమే.

ఇంకో అన్యాయం 1953లో జరిగింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి మైసూరులోకి పోయింది. ఊరు పోయిందని ఊరి మనుషులనూ వదిలేశాం. కన్నడిగులకు ధర్మవరం, కోలాచలం తెలుగు రచయితలు. మనకేమో పక్క రాష్ట్రం వాళ్లయ్యారు. రాఘవ జ్ఞాపకార్థం బళ్ళారిలో కళామందిరం నిలబడి ఉంది, అంతవరకు ఆ ఊరివాళ్లకు దండం పెట్టాలి. ఆ తరం పుట్టిన సీమలో మనమేం నిలబెట్టాం? కమలాపురం చుట్టుపక్కల తిరునాళ్లలో కురుక్షేత్రం ఉంటుంది, హరిశ్చంద్ర ఉంటుంది, బాలనాగమ్మ ఉంటుంది. ‘విషాద సారంగధర’ ఆడించిన ఊరు నా ఎరుకలో ఒక్కటీ లేదు.

శివరాత్రికో శ్రీరామనవమికో చందాలు వేసి నాటకం పెట్టించే పెద్దలకు నా మనవి ఇది. బయానా ఇచ్చేటప్పుడే గట్టిగా చెప్పండి: కృష్ణుడు ఒక్కడే ఉండాలి, మొదటి తెర నుంచి చివరి తెర దాకా అతడే. సీన్లు వద్దు, నాటకం కావాలి. పద్యానికి రాగం కొలతలో ఉండాలి, డ్యాన్సు అసలే వద్దు. ఆ డబ్బులో కొంత మిగిల్చి మీ ఊళ్లోనే పదిమంది పిల్లలను కూర్చోబెట్టి, పాత హార్మోనిస్టు ఒకరిని పిలిపించి, ధర్మవరం వారి నాటకం ఒకటి మూడు నెలలు చదివించండి. విశ్వవిద్యాలయాల్లో తెలుగు చెప్పే పెద్దలు ఆయన నాటకాలన్నింటినీ ఒకచోట చేర్చి, పద్యాలకు విరుపులు గుర్తుపెట్టి, పల్లె నటుడు కొనగలిగే ధరకు అచ్చు వేయించాలి. ఆ విరుపులు నోటితో చెప్పగలిగిన ముసలివాళ్లు ప్రొద్దుటూరులోనూ తాడిపత్రిలోనూ ఇంకా కొందరు బతికే ఉన్నారు. ముందు వాళ్ల దగ్గరికి వెళ్లండి.