పిట్టనడిగి నాటాలి

దసరా రోజు పాలపిట్టను చూస్తే మంచి జరుగుతుందని మన నమ్మకం. ఒకప్పుడు జమ్మిచెట్టు దగ్గరికి వెళ్తూ పొలాల గట్ల మీదా, కరెంటు తీగల మీదా దాని కోసం వెతికేవాళ్లు. ఇప్పుడు నగరంలో కొందరు పంజరంలో పెట్టి గుడి ముందుకే తెచ్చేస్తున్నారు. చూసినందుకు డబ్బులివ్వాలి. అది వన్యప్రాణి చట్టం కింద నేరమని తెలిసినవాళ్లు కూడా నోట్లు తీస్తూనే ఉంటారు.

పంజరం పైకి కనబడే పాపం. కనబడనిది ఇంకా పెద్దది. మన దేశంలో పక్షుల స్థితి మీద 2023లో వెలువడిన నివేదిక ప్రకారం పాలపిట్టలు 12 ఏళ్లలో 30 శాతం మేర తగ్గాయి. తెలంగాణ రాష్ట్ర పక్షి పరిస్థితి ఇది. ఈ లెక్క ఏ ప్రభుత్వ శాఖో ఒంటరిగా తీసింది కాదు. 30,000 మందికి పైగా పక్షి ప్రియులు చెరువు గట్ల మీదా, పార్కుల్లోనూ, మేడల మీదా నిలబడి రాసుకున్న మూడు కోట్ల పరిశీలనల నుంచి తేలిన లెక్క.

ఇంతకీ పాలపిట్టకు కావలసిందేమిటి? మిడతలూ పేడపురుగులూ దొరికే పొట్టి గడ్డి నేల. ఆ నేల మీద కన్నేసి కూర్చోవడానికి ఒక మోడు. గుడ్లు పెట్టడానికి ముసలి చెట్టులోనో ఎండిన తాటిమానులోనో ఒక తొర్ర. పచ్చదనం పేరుతో మనం చాలాసార్లు వీటినే తీసేస్తాం. గడ్డి చెక్కేసి, మోడు నరికేసి, ఆ చోట కోనోకార్పస్ అనే విదేశీ మొక్కను వరసగా పాతి ఫొటో దిగుతాం. నాటినవాడిది మంచి మనసే, కాదనను. కానీ అక్కడ ఎవరు బతుకుతున్నారో చూడకుండా నాటాడు. ఉదయం పక్షుల్ని చూడడానికి వెళ్లే నడకనూ, పెరట్లో స్థానిక మొక్కలు పెంచే పనినీ వేర్వేరు సరదాలుగా చూడడం వల్లే ఇలా జరుగుతోంది. నడకలో తెలిసినదాన్ని బట్టి మొక్క నాటాలి. నాటిన మొక్క పనిచేసిందో లేదో మళ్లీ నడకలోనే తెలియాలి.

హైదరాబాదుకు ఈ నడక పాత అలవాటే. 1931-32లో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ నిజాం రాజ్యంలో తిరిగి పక్షుల సర్వే చేశాడు. ఆ వివరాలు బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. 1980లో బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ మొదలైంది. ‘పిట్ట’ పేరుతో సభ్యులకు వార్తాపత్రిక వేసేది. ఆ సంఘమే తరువాత డెక్కన్ బర్డర్స్ అయింది. సెలవు రోజు తెల్లవారుతుండగా ఉస్మాన్‌సాగర్ గట్టు మీదో, అనంతగిరి అడవిలోనో, 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన అమీన్‌పూర్ చెరువు దగ్గరో మెడలో బైనాక్యులర్లతో కొందరు కనబడితే, ఆ వరసలోని వాళ్లే. ఊళ్లలో అయితే దీనికి సంఘం కూడా అక్కర్లేకపోయింది. శ్రీకాకుళం వైపు తేలినీలాపురంలో, అనంతపురం వైపు వీరాపురంలో ఇళ్ల మధ్య చింతచెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు పెడితే, ఊరికి మేలని జనం తరాలుగా వాటి జోలికి పోలేదు.

నడకకు కొన్ని పద్ధతులున్నాయి. సూర్యోదయం తరువాతి గంటా గంటన్నరే మంచి వేళ. పిట్టలు మేతకు దిగేదీ, గొంతెత్తేదీ అప్పుడే. సూర్యుడు మీ వీపు వెనక ఉండాలి. ఎదురుగా ఉంటే ఎంత రంగుల పిట్టైనా నల్లటి మచ్చలాగే కనబడుతుంది. ఎర్ర చొక్కా, తెల్ల చొక్కా ఇంట్లో వదిలేసి మట్టిరంగువి వేసుకోవాలి. బైనాక్యులర్ల మీద 8×42 అని రాసి ఉంటుంది. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుందనీ, ముందున్న అద్దం 42 మిల్లీమీటర్లనీ అర్థం. కొత్తవాళ్లకు ఇంతకన్నా ఎక్కువ శక్తి ఉన్నది కొనాలనిపిస్తుంది. వద్దు. రెట్లు పెరిగేకొద్దీ చేతి వణుకూ పెరుగుతుంది, కనిపించే మేర కుంచించుకుపోతుంది.

పిట్టను పట్టుకోవడంలో ఒక చిన్న కిటుకుంది. ముందు ఉత్త కళ్లతో చూడాలి. చూపు దాని మీద నుంచి తిప్పకుండానే అద్దాలను కళ్ల దగ్గరికి తెచ్చుకోవాలి. చాలామంది తల దించి, అద్దాలు సర్దుకుని, మళ్లీ పైకి చూస్తారు. ఆలోగా పిట్ట వెళ్లిపోతుంది. పక్కవాళ్లకు చూపించేటప్పుడు వేలు చాపి ‘అదిగో, ఆ కొమ్మ మీద’ అంటే ఎవరికీ అందదు. చెట్టును గడియారం అనుకుని ‘రెండు గంటల దగ్గర, కొమ్మ చీలిన చోట’ అని చెప్తే అందరి కళ్లూ ఒక్కసారే అక్కడికి చేరతాయి.

పేరు తెలియని పిట్ట కనబడితే మొదట దాని సైజును తెలిసిన పిట్టతో పోల్చాలి. పిచ్చుకంతా, పికిలిపిట్టంతా, గోరింకంతా, కాకంతా, గద్దంతా? సలీం అలీ పుస్తకాల్లోనూ ఇదే కొలత. తరువాత ముక్కు, తోక, నడిచే తీరు, చివరికి రంగు. రంగుతో మొదలుపెడితే మోసపోతాం. మగ తేనెపిట్ట గుడ్లు పెట్టే కాలంలో నల్లగా, ఊదాగా మెరుస్తుంది. ఆ కాలం దాటాక ఆడదానిలాగే వెలిసిపోయి, గొంతు కింద ఒక నల్ల చారతో తిరుగుతుంది. కంసాలి పిట్ట అయితే చాలాసార్లు కంటికి కాక చెవికే దొరుకుతుంది. ఎండ ముదిరాక ఎక్కడో కొమ్మల చివర్ల నుంచి టుక్ టుక్ మని ఆగకుండా కొడుతూనే ఉంటుంది. ఫోన్లో కూత వినిపించి పిట్టను రప్పించే అలవాటు మాత్రం నాకు నచ్చదు. తన హద్దులోకి ఇంకో మగపిట్ట వచ్చిందనుకుని, గూడు వదిలేసి పోట్లాటకు వస్తుంది పాపం.

ఇక నోట్‌బుక్కు. ఏ పిట్ట, ఎన్ని, ఎక్కడ, ఎన్ని గంటలకు అని అందరూ రాస్తారు. నా దృష్టిలో అసలైన గడి ఇంకొకటుంది, అదే చాలా పుస్తకాల్లో ఖాళీ: ఏ చెట్టు మీద, ఏం చేస్తూ ఉంది? ఆ గడి నింపిన పుస్తకం ఒక్క ఏడాది ఉంటే చాలు, నర్సరీకి వెళ్లి ఏం అడగాలో అదే చెప్తుంది.

ఆ గడిలో తరచుగా పడే పేర్లు మర్రి, రావి, జువ్వి, మేడి. మర్రి పండు లోపల దాని పూలుంటాయి. వాటికి పరాగం అందించడానికి ఒక్కో జాతికి ఒక్కో చిన్న కందిరీగ ఉంటుంది. ఆ కందిరీగ బతికేది చాలా తక్కువ కాలం. అందువల్ల దాని వంశం నిలవాలంటే చుట్టుపక్కల ఎప్పుడూ ఏదో ఒక మర్రి కాయ మీద ఉండాలి. అందుకే మర్రులన్నీ ఒకేసారి కాయవు. మిగతా చెట్లన్నీ ఖాళీగా ఉన్న నెలల్లో కోకిలకు, గోరింకకు, కంసాలి పిట్టకు తిండి దొరికేది అక్కడే. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా చేవెళ్ల రోడ్డు పక్కన దాదాపు 900 మర్రులున్నాయి. రోడ్డు వెడల్పు చేయడానికి వాటిని కొట్టేయవద్దని జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లినవాళ్లు నీడ కోసమే పోరాడారనుకుంటే పొరపాటు.

మామిడితోట రైతుకు ఒళ్లుమంట తెప్పించే బదనిక సంగతీ ఇలాంటిదే. ఇంకో చెట్టు రసం పీల్చి బతికే మొక్క అది. దాని గొట్టపు పూల మీద తేనెపిట్టలు వాలతాయి. దాని పండంటే ప్రాణం పెట్టేది ఫ్లవర్‌పెకర్. ఎనిమిది సెంటీమీటర్ల పిట్ట, మన దేశంలోని అతి చిన్న పక్షుల్లో ఒకటి. పండు మింగాక గింజ జిగురుతో సహా బయటికొస్తుంది. ఆ జిగురు వదలదు. పిట్ట వెనకభాగాన్ని కొమ్మకు రాసుకోవాల్సిందే. గింజ కొమ్మకు అంటుకుంటుంది, అక్కడే మొలుస్తుంది. రైతు చెట్టు కాపు కోసం బదనికను కోయించుకుంటాడు, అది అతని హక్కు. పార్కులో ఉన్న బదనికను కూడా అదే చేత్తో కోయించడం ఎందుకో నాకు అర్థం కాదు.

పండ్లూ తేనె కన్నా పెద్ద విషయం పురుగు. పిచ్చుక, గిజిగాడు గింజలు తినే పిట్టలని మనకు తెలుసు. కానీ కళ్లు తెరవని పిల్లల నోట్లో అవి పెట్టేది ఎక్కువగా పురుగుల్నీ గొంగళ్లనూ. గొంగళ్లకు ఏ ఆకు పడితే ఆ ఆకు పడదు. నిమ్మ, కరివేపాకు మీద ఒక సీతాకోకచిలుక గుడ్లు పెడుతుంది. రేల మీద ఒకటి, ఈశ్వరి తీగ మీద ఇంకొకటి. జిల్లేడు మీద పెరిగేదానికి ఆ పాలలోని విషం ఒంటపడుతుంది కనుక దాన్ని పిట్టలు ముట్టవు. తోటలో అది హాయిగా తిరుగుతుంటుంది. దూరదేశం నుంచి తెచ్చిన మొక్క మన పురుగులకు చాలావరకు కొత్త. కొరకడం రాదు, అరిగించుకోవడం రాదు. నర్సరీవాళ్లు ‘పురుగు పట్టదండీ’ అని గొప్పగా చెప్పే మొక్క, పిల్లలకు మేత వెతుక్కునే పిట్ట దృష్టిలో ఉత్త ప్లాస్టిక్కు.

కనుక పెరటితోటలో మొదటి పని మందు కొట్టడం మానడం. కరివేపాకు సగం గొంగళికి పోతుంది, మిగతా సగం పోపులోకి చాలు. రెండోది, రాలిన ఆకును ఊడ్చి తగలబెట్టకుండా చెట్టు మొదట్లోనే వదలడం. పిట్టలు గుంపులుగా దిగి ఆకులు తిరగేసి పురుగులు ఏరుకునేది అక్కడే.

బాల్కనీ మాత్రమే ఉన్నవాళ్లకు కుండీల్లో నిమ్మ, కరివేపాకు, తులసి, ఈశ్వరి తీగ చాలు. నాలుగు గజాల జాగా ఉంటే గోడ బదులు వాక కంచె వేయండి. ముళ్లలో పికిలిపిట్టలకు గూడు, పండ్లలో మేత, మీకు ఊరగాయ. అడ్డసరం కొమ్మ విరిచి గుచ్చినా బతుకుతుంది, తుమ్మెదలు దాని పూలను వదలవు. రేల, తంగేడు, గోరింట ఎండకు ఓర్చుకుంటాయి. మర్రి, రావి మాత్రం ఇంటి గోడ దగ్గర వద్దు. వాటికి చెరువు గట్టూ, గుడి ఆవరణా తగిన చోట్లు.

గింజల దగ్గర చాలామంది విసిగి వదిలేస్తారు. వేప, నేరేడు గింజలు దాచుకునేవి కావు. పండు రాలిన కొద్ది రోజుల్లోనే మట్టిలో పడాలి, నెలల తరబడి డబ్బాలో పెడితే మొలకెత్తే శక్తి పోతుంది. రేల, తంగేడు దీనికి సరిగ్గా తలకిందులు. పైతొక్క రాయిలా ఉంటుంది, నీళ్లు లోపలికి పోవు. గరుకు బండ మీద ఒక పక్క అరగదీసి, లేదా మరిగించి దించిన నీళ్లలో వేసి చల్లారేదాకా రాత్రంతా ఉంచి విత్తితే మొలుస్తాయి. మోదుగ తల్లివేరు లోతుకు దిగుతుంది. చిన్న కవర్లో పెంచితే అది చుట్టలు చుట్టుకుని తరువాత ఎదగదు. తొలకరికి నేరుగా పెరిగే చోటే నాటడం మేలు.

నీళ్లకు వెడల్పాటి మట్టి మూకుడు, లోతు రెండంగుళాలు మించకుండా, మధ్యలో నిలబడడానికి ఒక రాయి. రోజూ పారబోసి కడిగి నింపితే దోమలు పుట్టే వ్యవధి ఉండదు. పిల్లి నక్కే పొదకు కాస్త ఎడంగా పెట్టాలి. కోతల కాలంలో వరి కంకులను కుచ్చుగా అల్లి వసారాలో వేలాడదీయడం మన ఇళ్లలో ఉన్నదే. పిచ్చుకల కోసం దాన్ని మళ్లీ మొదలుపెట్టినవాళ్లు చాలామందే ఉన్నారు.

పిట్ట తింటోంది కదా అని ప్రతి మొక్కకూ మంచిపేరు ఇవ్వలేం. లంటానా పండ్లను పికిలిపిట్టలు ఇష్టంగా తింటాయి. అడవినిండా దాని గింజలు చల్లిందీ అవే. సర్కారు తుమ్మలో గిజిగాళ్లు గూళ్లు కడతాయి, అయినా అది చెరువు శిఖాన్ని ఆక్రమించాక అక్కడ నడిచే తీతువుకు చోటుండదు. అన్ని చోట్లా చెట్లే పెట్టాలన్నదీ సరికాదు. పక్షి శాస్త్రవేత్త టి.సి. జెర్డాన్ 1848లో గుర్తించిన కలివి కోడి అనే పక్షి 1900 తరువాత కనబడక, అంతరించిందనుకున్నాక, 1986లో కడప దగ్గర లంకమల పొదల్లో మళ్లీ దొరికింది. అది బతికేది ముళ్లపొదల మధ్య మిగిలిన ఖాళీ నేలలో. కాగితాల మీద బంజరు అని రాసుకునే నేల అది. అక్కడ పదివేల మొక్కలు నాటితే కోడి పోతుంది.

నడకనూ నాటడాన్నీ కలిపిన చోటు చూడాలంటే మదనపల్లె దగ్గర రిషివ్యాలీ ఉంది. కరువు కొండల మధ్య ఆ పాఠశాల దశాబ్దాలుగా చెట్లను పెంచుతూ, పక్షుల్ని లెక్కిస్తూ వచ్చింది. రంగస్వామి, శ్రీధర్ అక్కడి పక్షుల మీద 1993లో తెచ్చిన పుస్తకం పేరులోనే వాటి ఆవాసాల పునరుద్ధరణ కూడా ఉంది.

అంత లోయ ఎవరికీ ఉండదు. అపార్ట్‌మెంటు వాళ్లైతే కమిటీని ఒప్పించి, లాన్‌లో ఒక మూల గడ్డిని కోయకుండా వదలమని అడగవచ్చు. పాములొస్తాయంటారు. నడకదారికీ పిల్లలు ఆడేచోటికీ దూరంగా ఉన్న మూలను ముందే ఎంచుకుని వెళ్తే వాదన తేలిక. మొక్క పెట్టకముందే అక్కడి పిట్టల జాబితా ఒకటి రాసి ఉంచుకోవాలి. లేకపోతే రెండేళ్ల తరువాత ఏం మారిందో ఎవరూ చెప్పలేరు. ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌లో మన దేశం 2013 నుంచి పాల్గొంటోంది. మేడ మీద కనీసం 15 నిమిషాలు నిలబడి చూసిందంతా రాస్తే చాలు. కాకుల్ని, పావురాల్ని వదిలేయకండి. మీ కాలనీలో కాకులు తగ్గాయో పెరిగాయో చెప్పగలిగే కాగితం ఇప్పటికీ ఎవరి దగ్గరా ఉండి ఉండదు.