చెవితో చూసే వైద్యం

చక్రాన్ని సుత్తితో తట్టి, మోతను బట్టి పగులు పసిగట్టడం రైల్వేలో పాత విద్య. కారు మేస్త్రీ చెవీ ఆ బాపతే. గతుకులో ‘టక్’మనగానే షాకబ్జార్బర్ మార్చేవాళ్లున్నారు, డబ్బు దండగ. పనిమంతుడు ముందు పక్క సీట్లో కూర్చుని వింటాడు. చిన్న గతుకులకే టకటకలాడితే లింకు రాడ్డు మీద అనుమానం. దాన్ని విప్పి కాస్త దూరం నడిపితే మోత ఆగిందా, దొంగ దొరికినట్టే! కిర్రుమంటే లోయర్ ఆర్మ్‌లోని రబ్బరు బుష్‌ను చూస్తాడు.

అసలు పనితనం బిగింపులో ఉంది. బండి జాకీ మీద వేలాడుతుండగా బుష్ బోల్టు పూర్తిగా బిగించడు. చక్రాలకు బరువు పడ్డాకే ఆఖరి బిగింపు. లేకుంటే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. ఈసారి ఆ ఒక్క నిమిషం దగ్గరుండి చూడండి.